సత్యానందం కట్టిన దూతల భాష

మా సంఘంలో సత్యానందం ఏళ్ల తరబడి గొర్రె వేషం వేశాడు. ప్రతి క్రిస్మస్ నాటకంలో నల్ల గొంగడి కప్పుకొని, మోకాళ్ల మీద వంగి గొల్లల పక్కన కూర్చునేవాడు. గొర్రెకు మాటలుండవు. మధ్యలో ఒకసారి 'మే' అనాలి, అంతే. అది మాత్రం అసలు గొర్రెలు సిగ్గుపడేలా అనేవాడు. అంత బాగా 'మే' అనేవాడికి ఒక్క మాట కూడా ఇవ్వకపోవడానికి కారణం అందరికీ తెలుసు. అతనికి నత్తి.

అన్ని అక్షరాల మీదా కాదు. క, ప, ట, త లతో మొదలయ్యే మాట దగ్గర బండి ఆగిపోయేది. ల, వ, మ, య అయితే హాయిగా పోయేవాడు. తెలుగులో ఆ నాలుగు అక్షరాలు ముట్టకుండా రెండు నిమిషాలు మాట్లాడి చూడండి, అతని కష్టం తెలుస్తుంది. పాశమైలారంలో పంపులు చేసే కంపెనీలో అతను ఫిట్టరు. పక్క మిషను నాది. అక్కడి మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. షిఫ్టు నడిచినంతసేపూ అతను మా అందరితో సమానం. సైరన్ మోగి గేటు దాటాడంటే మళ్లీ నత్తి సత్తెం.

నత్తి కంటే పెద్ద జబ్బు మా ఊరికి ఉంది. తొందర. అతను 'క' అనేలోపే ఎవరో ఒకరు మిగతా మాట అందించేస్తారు. పైగా సాయం చేశామనుకుంటారు. అందరికంటే ముందుండేది అతని మేనత్త ఏసమ్మ. తల్లి లేని పిల్లవాణ్ణి ఆమే పెంచింది, కాబట్టి అతని నోరు కూడా తనదే అనుకునేది. పెళ్లిలో అయ్యగారు, అంటే మా పాస్టరు, ఈ అమ్మాయిని భార్యగా ఒప్పుకుంటున్నావా అని అడిగితే సత్యానందం పెదవులు బిగిసిపోయాయి. ముందు వరుసలోంచి ఏసమ్మ, "ఒప్పుకున్నడు అయ్యగారు, కానియ్యుండ్రి" అంది. అప్పట్నుంచి అతని భార్య దయావతి, కోపమొచ్చినప్పుడల్లా, "నన్ను చేసుకున్నది నువ్వా, మీ అత్తనా" అని అడిగేది.

బిడ్డ పుట్టినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. సంగారెడ్డి ఆసుపత్రి నుంచి వచ్చి బస్సు దిగి ఇంటికి పరుగెత్తాడు. గడపలో నిలబడి 'పు... పు...' అన్నాడు. "పుట్టిండట, మా సత్తెంకు కొడుకు పుట్టిండట" అని ఏసమ్మ వాడంతా చాటింది. చక్కెర పంచేశారు. పుట్టింది ఆడపిల్ల. సొంత బిడ్డ కబురు సొంత నోటితో చెప్పుకోలేకపోయానని మర్నాడు మిషను దగ్గర ఏడ్చాడు. నాకు అతని మీద జాలి కంటే ఊరి మీద మంట ఎక్కువైంది.

ఆ తర్వాతే అతను సైకిల్ మీద ఒంటరిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. పక్కనుంచి లారీలు పోతుంటాయి, ఇతను ఏవో పాటలాంటి మాటలు అంటూ తొక్కుతుంటాడు. ఊళ్లో దయ్యం పట్టిందన్నారు. నేను పక్కన తొక్కుతూ అడిగితే చెప్పాడు. భాష కడుతున్నాడట. ఎవరి భాష అంటే, దేవదూతలది అన్నాడు. గొర్రెగా ఇన్నేళ్లు వంగి కూర్చుని బెంచీ ఎక్కి గొల్లలకు క్రిస్మస్ కబురు చెప్పే దూతనే చూస్తూ ఉన్నాడు మరి. ఎప్పటికైనా ఆ బెంచీ ఎక్కి, ఆ పుట్టుక కబురు మొదటి మాట నుంచి చివరి మాట దాకా తనే చెప్పాలని అతని ఆశ. మనిషి ఇంతకంటే తక్కువ కోరుకోగలడా?

తనను ఆపే అక్షరాలను అతను దేవలోకం గేటు దగ్గరే ఆపేశాడు. ఆ భాషలో ప్రతి మాటా అచ్చుతోనో, య ర ల వ లతోనో, మ న లతోనో మొదలవుతుంది. దూత అంటే 'వియ'. ఇద్దరు ముగ్గురైతే 'వియా'. ఆకాశం నిండా ఉంటే ఊపిరి ఆడినంతసేపు ఆ చివరి అచ్చును లాగాలి. పరలోకంలో జనాభా లెక్క అంతే.

క్రియ సంగతి వేరు. తెలుగులో క్రియ చివర వస్తుంది. అక్కడికి చేరేలోపు ఎవడో వచ్చి తన క్రియ తగిలించి పోతాడు. అందుకని దూతల భాషలో క్రియ ముందు. 'యావే వియ' అంటే వచ్చాడు దూత. "అసలు మాట ముందే చెప్పేస్తే ఇగ ఎవడు గుంజుకపోతడు ఎంకటన్నా" అన్నాడు నాతో. మధ్యలో అతను ఆగినచోట్లు నేను రాయడం లేదు, చదివేవాళ్లకూ తొందరే కదా.

'కాదు' అనాలంటే మాత్రం చివర పెదవులు మూసి 'మ్' అంటే చాలు. 'లూమే' భయం, 'లూమే మ్' భయపడొద్దు. అంత ముఖ్యమైన మాట చివర ఎందుకు పెట్టావంటే, కాదనడం దూతలకు ఇష్టముండదు, అందుకే నోరు మూసుకొని అంటారు అన్నాడు. నాది, నీది అన్న మాటలు ఆ భాషలో లేవు. అలాగైతే 'నా భార్య' అని ఎలా అంటావని దయావతి అడిగింది. చాలాసేపు ఆలోచించి, "'ఇక్కడున్నామె' అంట" అన్నాడు.

"మంచిగున్నది. అంటే జెర అవుతలికి పోతే నేనెవరో తెల్వదన్నట్టు" అంది ఆమె. కానీ ఆ భాషను ఊళ్లో అతని దగ్గర నేర్చుకున్న మొదటి మనిషి ఆమే.

ఎనభై తొమ్మిదిలో, ఏటా దూత వేషం వేసే బడి మాస్టారికి బదిలీ అయింది. నాటకం మాట్లాడుకోవడానికి చర్చిలో కూర్చున్నప్పుడు సత్యానందం చెయ్యెత్తాడు. అందరూ నవ్వారు. అయ్యగారు దయగలవాడు, నవ్వకుండా దగ్గాడు. అప్పుడు దయావతి లేచింది.

"పైనుంచి దిగేటోళ్లకు తెలుగు ఎట్లొస్తది అయ్యగారు? ఆళ్ల భాష ఆళ్లకుంటది. మా ఇంటాయనకు గా భాష వస్తది. ఒక్కసారి వినుండ్రి."

సత్యానందం లేచి తన భాషలో మాట్లాడాడు. ఎక్కడా ఆగలేదు. అంతసేపు వరసగా మాట్లాడిన సత్యానందాన్ని ఎవరమూ చూసి ఉండలేదు. అయ్యగారు, "బాగనే ఉన్నది, కాని జనానికి సమజ్ ఎట్లయితది?" అన్నాడు.

దానికి మా చర్చిలో దారి ముందే ఉంది. ఇంగ్లీషు ప్రసంగీకులు వచ్చినప్పుడు పక్కన ఒకరు నిలబడి వాక్యానికో వాక్యం తర్జుమా చేస్తారు. ఒకసారి తర్జుమా చేసే ఆయన ఇస్నాపూర్‌లో బస్సు తప్పిపోతే, డ్యూటీ, ఓటీ తప్ప ఇంగ్లీషు ముక్క రాని ఏసమ్మ లేచి ప్రసంగం మొత్తం తర్జుమా చేసింది. వచ్చినాయన చెప్పినదానికి రెండింతలు చెప్పింది. అంత మంచి ప్రసంగం ఎన్నడూ వినలేదని జనం ఇప్పటికీ అంటారు. దూతకు కూడా ఆమే నిలబడుతుందని తేలిపోయింది. సత్యానందం రోజూ సాయంత్రం కూర్చోబెట్టి ఒక్కో మాటకు అర్థం చెప్పబోయేవాడు. "నీ నోట్లె మాట నాకు తెల్వదారా సత్తెం" అని ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చునేది.

క్రిస్మస్ సాయంత్రం షామియానా నిండిపోయింది. కంపెనీలో పంపుల చుట్టూ పెట్టి పంపే థర్మాకోల్‌ను కోసి రెక్కలు చేశాం. రెండో దూతను నేను. సత్యానందం తెల్ల దుప్పటి చుట్టుకొని బెంచీ ఎక్కి, చేతులు చాచి, "లూమే మ్" అన్నాడు. ఎంత గంభీరంగా అన్నాడంటే గొల్లలు నిజంగానే భయపడ్డారు.

ఏసమ్మ మైకు దగ్గరికి తీసుకుంది. "దూత ఏమంటుండంటే, ఆడోళ్లు ప్రార్థనకు ఆలిశంగ వస్తున్నరట. పైన అందరు చూస్తున్నరట."

జనం గొల్లున నవ్వారు. సత్యానందం మళ్లీ చేతులు చాచి, "నూయే యోమ" అన్నాడు. పుట్టాడు పసివాడు అని.

"కోడండ్లు అత్తల మాట వినాలెనట. గిది మల్ల మల్ల చెప్పుమన్నడు."

ఇంకా నవ్వు. ఈలలు. ఎవరూ అతన్ని చూసి నవ్వడం లేదు, నాటకం అంత బాగా ఎప్పుడూ నడవలేదు కూడా. అలాగే ముగించి దిగిపోతే ఊరంతా భుజం తట్టేది. కానీ నాకు అతని ముఖం కనిపిస్తోంది. ఏసమ్మ చేతిలోంచి మైకు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. నా అందింపు కూడా అతనికి అక్కర్లేదనిపించింది.

అతను బెంచీ దిగాడు. మైకు దగ్గరికి వచ్చి, తెలుగులో, "అత్తా, క... క..." అన్నాడు.

"కరెంటా?" అన్నారెవరో మగవాళ్ల వైపు నుంచి. "కిరసనాయిలా?" అన్నాడు ఇంకొకడు. "కండ్లు తిరుగుతున్నయా సత్తెం, కూసుంటవా?" అంది ఏసమ్మ.

అతను తల అడ్డంగా ఊపాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఒక రెక్క ఊడి కింద పడింది, అయినా కదల్లేదు. 'క' దగ్గరే నిలబడ్డాడు. ఏసమ్మ అతని ముఖంలోకి చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖమే, అయినా ఆమె చూపు చాలాసేపు అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి మళ్లీ ఎవరో 'కల్లు' అన్నారు. ఆమె అటు తిరిగింది.

"నోర్లు ముయ్యుండ్రి. ఆయనకు నోరున్నది."

మైకు అతని నోటి దగ్గర పట్టుకొని, తను తల వంచుకొని నిలబడింది. ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టింది.

"కాదు" అన్నాడు సత్యానందం. "నువ్వు చెప్పింది నేను అనలే అత్తా."

తర్వాత జనం వైపు తిరిగాడు. "భయపడకుండ్రి. పు... పు... పుట్టిండు. మన కోసమే పుట్టిండు. పె... పెద్దోళ్లెవరికి ఇంక తె... తెల్వదు. ముందుగాల మీకే చెప్తున్న."

ఆ కబురు అక్కడున్న ప్రతి ఒక్కరికీ చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. అతను ఎక్కడ ఆగితే అక్కడ అందించడానికి తర్వాతి మాట అందరి నోటా సిద్ధంగా ఉంది. ఒక్కరూ అందించలేదు. అతను ముగించేదాకా అందరూ కూర్చున్నారు.