కుప్పయ్య విల్లుబండి

పాకాల దగ్గరి మా పల్లెలో బండి తోలే కుప్పయ్య, రోజూ పొద్దున్నే కొండల వైపు తిరిగి గోవిందుడికి దండం పెట్టుకుని, ఎక్కేవాళ్ల దాహానికని నిండు చెంబు నీళ్లు బండిలో పెట్టేవాడు. రాళ్లదారి కుదుపులకు సగం దారిలోనే చెంబు ఖాళీ అయ్యేది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. చర్చి బడి పంతులుగారి భార్య సంతోషమ్మను కాన్పుకు మిషను ఆసుపత్రికి చేర్చాలి. కుదుపులు తగిలితే బిడ్డ దక్కదని నర్సమ్మ ముందే హెచ్చరించింది.

కుప్పయ్య బండికి కుదుపులు ఆపే ఇనుప విల్లుపట్టీలు వేయించడానికి కమ్మరి వెంకటముని దగ్గరికి పోయాడు. మందంగా ఉన్నవైతే గట్టిగా నిలుస్తాయని, అక్కడున్న పాత లారీ పట్టీలే బిగించమన్నాడు. తోలి చూస్తే చెంబు మళ్లీ ఒలికింది.

"గట్టివే కావాలంటివి. ఇవి మూటలు మోసేవి అబ్బా, మనిషి బరువుకు వంగవు. వంగంది విల్లెట్లయితాది?" అని నవ్వి, వెంకటముని మూలన పడున్న విరిగిన జట్కాబండి నుంచి పట్టీలు తీశాడు.

"ఇంత పల్సనివి నిలుస్తాయా అప్పా?"

"నీ ముసలి ఎద్దులకన్నా నిలుస్తాయిలే. తోలి సూడు."

మరునాడు సంతోషమ్మను ఎక్కించుకుని పోతుంటే ప్రతి గుంతలోనూ బండి ఉయ్యాలలా ఊగి నిలిచింది. ఆసుపత్రి వాకిట్లో ఆగేసరికి చెంబు దాదాపు నిండుగానే ఉంది. సంతోషమ్మ ఆ నీళ్లే తాగి, తన కాళ్ల మీద తానే లోపలికి నడిచింది. సాయంత్రానికి ఆడబిడ్డ ఏడుపు వాకిలి దాకా వినిపించింది.

తల్లీబిడ్డలను ఇంటికి తీసుకుపోవడానికి కుప్పయ్య వచ్చిననాడు సంతోషమ్మ అడిగింది. "నీకేమియ్యాలన్నా?"

కుప్పయ్య ఎద్దుల వీపు నిమిరాడు. "ఆదివారం నీ దేవునికి మొక్కేటప్పుడు మల్లోడు, సుక్కోడు అని వీళ్ల పేర్లు గూడా ఒకసారి సెప్పు తల్లీ. మా స్వామికి నేను రోజూ సెప్తానే ఉండాను."