పాచి నోటితో

చిగుళ్ళ జబ్బు తెచ్చే సూక్ష్మజీవికి గాలి పడదు. పంటికీ చిగురుకీ మధ్య, గాలి చొరబడని సందులో కాపురం పెడుతుంది. బయటికి తీసి కాసేపు గాలి తగలనిస్తే చచ్చిపోతుంది. దాన్ని నాచారంలోని ఒక పళ్ళ ఆసుపత్రిలో పట్టుకుని, హబ్సిగూడలో మా ల్యాబు దాకా ప్రాణాలతో తెచ్చి, గొర్రె రక్తం కలిపిన గాజు పళ్ళెంలో పెంచాలి. అదీ నా పీహెచ్‌డీ. రెండున్నరేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి పెరగలేదు.

"ఈ ఎండాకాలం దాకా చూద్దామమ్మా, అప్పటికీ రాకపోతే టాపిక్ మార్చుకో" అన్నారు మా గైడు. మార్చుకోవడమంటే మళ్ళీ మొదటి నుంచి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పళ్ళేలకు గాలి తగలకుండా దాచే జాడీ మూత సరిగా పడటం లేదని దాన్ని తిట్టాను. నమూనాలు ఆలస్యంగా తీస్తున్నాడని డాక్టర్ని తిట్టాను. దారిలో ఆగిన ప్రతి బస్సునీ తిట్టాను. సాయంత్రాలు ఉప్పల్‌లోని అద్దె గదికి చేరి, మర్నాడు ఎవర్ని తిట్టాలా అని ఆలోచించేదాన్ని.

అలాంటప్పుడు వచ్చిందామె. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో పని. సొంతూరు జనగామ వైపు. యాభై దాటి ఉంటాయి. ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి, మాట్లాడినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. రెండోసారి చూపించుకోవడానికి వచ్చిన రోజు, ఏదో ఒకటి మాట్లాడాలని, "పళ్ళు బాగా తెల్లగా ఉన్నాయమ్మా" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "ఉండయా మరి మేడం! సారుకు సూపియ్యాలంటే ఊకెనే వస్తనా? పొద్దుగాల రెండుసార్లు ఉప్పు, బొగ్గుపొడి ఏసి తోమిన. సారు మొన్న ఇచ్చిన నురుగు మందు గుడ ఇయ్యాల్టి కోసమే దాసిపెట్టిన. సీసా మొత్తం పుక్కిలించే వచ్చిన."

బెంచీ మీద ఉన్న మిగతావాళ్ళ వైపు తిరిగి అడిగాను. అందరూ అదే పని చేసి వచ్చారు. రోజూ వాడమని ఇచ్చిన మందును ఎవరూ రోజూ వాడలేదు, డాక్టరు ముందు నోరు తెరిచే రోజుకని దాచుకున్నారు. ఆ మందు నురుగులో ఉండేది ప్రాణవాయువు. నేను వెతుకుతున్న జీవికి అంతకంటే విషం లేదు. మేం నమూనా తీసే ఉదయమే, మాకంటే గంట ముందు, వీళ్ళు మర్యాద కోసం దాన్ని చంపి వస్తున్నారు.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే నేనూ రెండుసార్లు తోముకుని వెళ్ళే మనిషినే. పాచి నోటితో పెద్దవాళ్ళను పలకరించకూడదనే ఇంట్లోనే పెరిగాను. అయినా రెండున్నరేళ్ళలో ఒక్కసారైనా ఆ ఆలోచన తట్టలేదు. తిట్టాల్సింది జాడీని కాదు, నన్ను.

"వారం రోజులు ఆ మందు మానేసి, పాచి నోటితో ఎవరైనా వస్తారా?" అని అడిగాను. కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం, "మమ్ములను ఏమనుకుంటున్నవ్?" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె కొంగు బిగించింది. "పాసి మొకంతోని నేను పొయ్యి గుడ ముట్టియ్య మేడం. గా నోరేసుకొని సారు ముంగట కూసోవాల్నా?"

నేను బతిమాలాను. గైడు ఇచ్చిన గడువు గురించి, ఖాళీగా మిగిలిన పళ్ళేల గురించి ఆమె అడగకపోయినా చెప్పుకున్నాను. అంతా విని, "అయితే నీ సదువు ఆగుతదా?" అంది.

"ఆగిపోతుందమ్మా."

ఆమె నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "సరే, వస్త. గని ఎవ్వలకు సెప్పకు."

ఆమె వచ్చిన రోజు బంద్. తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. కంపెనీ మూసేశారు కాబట్టే ఆమెకు వీలైంది. డాక్టరేమో ఏఎస్ రావు నగర్ నుంచి రావాలి, ఆయన స్కూటర్ని ఎక్కడో ఆపేశారు. ఆమె ఏడింటికే వచ్చి మూలన గోడ వైపు తిరిగి కూర్చుంది. టీ లేదు, నీళ్ళు లేవు. తొమ్మిదింటికి అదే కంపెనీలో పనిచేసే ఒకామె వచ్చి, "ఏంది అక్కా, మాట్లాడుతలేవు?" అని పలకరించింది. ఈమె తల అడ్డంగా ఊపి, కొంగు ముఖం మీదికి ఇంకా లాక్కుంది. ఆ మనిషి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. పదకొండింటికి నేను ఉండబట్టలేక, "వెళ్ళి కడుక్కోండమ్మా, ఇంకోరోజు చూద్దాం" అన్నాను. నోరు విప్పకుండానే చేత్తో కూర్చోమని సైగ చేసింది.

డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కదిలే పంటి పక్క సందులోకి సన్నని కాగితపు పుల్ల దింపి, కాసేపు ఉంచి, తీసి, గాలి చొరని నా బుడ్డిలో వేశాడు. ఆమె కుళాయి దగ్గరికి పరుగెత్తింది. నేను బుడ్డిని గుండెకు ఆనించుకుని హబ్సిగూడకు నడిచాను. నా జీవితంలో ఆ రోడ్డు అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు.

వారం తర్వాత జాడీ తెరిస్తే, పళ్ళెంలో ఆవగింజ కంటే చిన్న చుక్కలు పాలిపోయి కనిపించాయి. మళ్ళీ మూసేశాను. రెండు రోజులకు గోధుమ రంగు తిరిగాయి. మరో మూడు రోజులకు మూత తీయగానే కుళ్ళు కంపు కొట్టింది. కాటుక పెట్టినంత నల్లగా, నిగనిగలాడుతూ, పళ్ళెం నిండా అవే. రక్తంలోని ఇనుమును తిని ఒంటికి పూసుకుంటాయని పుస్తకాల్లో చదివాను. చదవడం వేరు, చూడటం వేరు. భూమ్మీద గాలిలో ప్రాణవాయువు లేని కాలం ఒకటుండేదట. ఆ కాలపు బతుకు తీరును వదలని జీవి, మాత్రలు ప్యాక్ చేసే మనిషి చిగురు కింద అంగుళంలో పదో వంతు చీకటి వెతుక్కుని బతుకుతోంది. ఆ కంపు ముందు భక్తిగా నిలబడ్డాను. చెబితే నవ్వుతారు గానీ, నిజంగానే దండం పెట్టాలనిపించింది.

ఆమెను పిలిపించి చూపించాను. పళ్ళెం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసింది. "గివి నా నోట్లయేనా? నా నెత్తురు తినే గింత నల్లగైనయా?" అంది. ఆమె కళ్ళలో అసహ్యం లేదు. అచ్చం నేను చూసినట్టే చూసింది.

ఆమె పళ్ళలో ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. నా థీసిస్ అచ్చై, అట్ట వేయించుకునే నాటికి రాష్ట్రం వచ్చింది. ఒక ప్రతి పట్టుకుని నాచారం వెళ్ళాను.

"గిండ్ల నేను యాడున్న?" అని అడిగింది. పేజీ తీసి చూపించాను. పేర్లు రాయకూడదని నియమం, అక్కడ ఒక నంబరు ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"పాసి మొకంతోని వచ్చిన్నని రాసినవా?"

"లేదమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నారు కదా."

ఆమె వేలు నంబరు మీదే ఉంది. "పేరు లేకుంటే పాయె బిడ్డా. గని గది రాయాల్సుండె. గంత కష్టమైన పని నా జన్మల ఇంకోటి చెయ్యలే."

ఇంటికొచ్చి నమూనాల అధ్యాయం తీశాను. ఆమె గురించి ఒకే వాక్యం ఉంది, నమూనా ఉదయం సేకరించబడిందని. అదీ తప్పే. అప్పుడు రాయని వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, పాచి నోటితో, నా చదువు కోసం కూర్చుంది.