కార్డు పై అంచున కోత

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పట్టాల మీద పోయినవాళ్ళ గురించి అక్కడ ఇంటికో కథ ఉండేది. చిన్నప్పుడు కూడా ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు కలకత్తా న్యూ టౌన్‌లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. మనం చెప్పింది తప్ప కంప్యూటర్ సొంతంగా ఏదీ చెయ్యదని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెబుతుంటాను. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మా అమ్మ కలకత్తాలో ఒక ఆఫీసులో పంచ్ కార్డుల విభాగంలో పనిచేసేది. అట్టముక్కల మీద చిల్లులు పొడిచి కంప్యూటర్‌కి లెక్కలు అందించే కాలం అది. నేను పుట్టిన కొన్నాళ్ళకి ఆమె ఉద్యోగం మానేసింది.

"నీ కోసమే మీ అమ్మ బంగారంలాంటి ఉద్యోగం వదులుకుంది." నాన్న నోట ఈ మాట వింటూనే పెరిగాను. లెక్కల్లో మార్కులు తగ్గితే అదే మాట. పెళ్ళి వద్దంటే అదే మాట. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలకీ అదే పాట. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఔననేది కాదు, కాదనేది కాదు. ఆమె పోయాక కూడా ఆ నేరం నా నెత్తినే ఉండిపోయింది. పాలు తాగే వయసులో నేను ఆమెను ఏం అడిగానని?

పోయిన చలికాలంలో శిప్రా మాసి ఫోన్ చేసింది. ఆమె అమ్మతో కలిసి పనిచేసిన బెంగాలీ ఆవిడ, నాకు పిన్ని వరస. ఆ విభాగంలోని ఆడవాళ్ళంతా ఒకచోట కలుస్తున్నారట. ఒక్కొక్కరి పేరూ, వాళ్ళ గురించి ఒక వాక్యమూ పాత కార్డులాగా తెర మీద కనబడాలని ఆమె కోరిక.

టైపు చేసిన మాటను కార్డు బొమ్మగా మార్చడం పెద్ద పనేం కాదు. లేత గోధుమరంగు అట్టలాంటి దీర్ఘచతురస్రం గీయాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో నిలువు వరస. ఆ అక్షరానికి ఏయే చోట్ల చిల్లులుండాలో అక్కడ నల్లటి గడులు పెట్టాలి. మధ్యాహ్నం భోజనం వేళల్లో కూర్చుని రాసేశాను. కార్డులకి తెలుగు, బెంగాలీ రావు కాబట్టి వాక్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.

బొమ్మలు బాగానే వచ్చాయి. కానీ ప్రతి కార్డుకీ కుడి అంచున గోరుతో గిల్లినట్టు చిన్న కోత ఉంది. అమ్మ కార్డుకి మాత్రం కుడివైపు లేదు. పై అంచున ఉంది. అమ్మ పేరు పక్కన నేను కొట్టింది, చిన్నప్పటి నుంచీ విన్నదే: కూతురి కోసం ఉద్యోగం మానేసింది. సరిగ్గా 'కూతురు' అన్న మాట మొదలయ్యే చోట పైన కోత పడింది.

ఏదో తప్పు రాశాననుకున్నాను. ప్రోగ్రామంతా మొదటి నుంచి చదివాను. అంచులు కత్తిరించే పని అందులో ఎక్కడా లేదు. పక్క సీటు నరేష్‌ది, కరీంనగర్ కుర్రాడు. అతన్నీ చూడమన్నాను. తన లాప్‌టాప్‌లో అదే ప్రోగ్రాము, అవే వాక్యాలు నడిపి చూశాడు. అంచులు శుభ్రంగా వచ్చాయి. "అక్కా, కోడ్‌ల ఏం లేదు. నీ మిషన్ల ఎట్లొస్తుందో నాకైతే సమజైతలేదు" అన్నాడు.

చివరికి బొమ్మలు అలాగే శిప్రా మాసికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. ఈ కోతల గురించి నీకు ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను.

అప్పుడు చెప్పింది. ఒకరు కార్డు పొడిచాక, ఇంకొకరు అవే అక్షరాలను వేరే మిషన్ మీద మళ్ళీ కొట్టి సరిచూసేవారట. అన్నీ కలిస్తే మిషన్ కుడి అంచున కోత పెడుతుంది. తేడా వస్తే, తప్పు ఉన్న చోటికి సరిగ్గా పైన పెడుతుంది. ఏ కోతా లేదంటే ఆ కార్డు ఇంకా ఎవరూ చూడలేదని. మాసి పొడిచేది, మా అమ్మ సరిచూసేది.

అమ్మ ఉద్యోగం ఎందుకు మానేసిందని అడిగాను. "మీ బాబాని అడుగమ్మా" అని నాన్న మీదికి నెట్టి మాసి ఫోన్ పెట్టేసింది.

నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. సంత్రాగాఛిలో నా దగ్గరే ఉంటాడు. ఆదివారం పొద్దున వరండాలో టీ తాగుతుంటే లాప్‌టాప్ తీసుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, అమ్మ ఉద్యోగం ఎందుకు మానీసింది?"

"ఏటమ్మా, ఇన్నాళ్ళకి? నీ కోసమే కదేటి."

ఆయన చూస్తుండగానే ఆ మాట కొట్టాను. పై అంచున కోత. తర్వాత 'నాన్న మాన్పించాడు' అని కొట్టాను. కుడి అంచున కోత పడింది.

ఆ కోతలు ఏమిటో ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది. అమ్మ పాడైపోయిన కార్డులు ఇంటికి తెచ్చి చూపించేదట. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"కొత్త కంపూటర్లొచ్చినాయి. నేర్పుతామని మీ అమ్మ పేరు రాసీసేరు. రాత్రి డూటీలుంటాయన్నారు. నాకు నచ్చనేదు. నానే ఆపీసుకెల్లి ఇంక రాదని సెప్పీసేను. మీ అమ్మ సేత సంతకం తర్వాత ఎట్టించీసేను."

"మరి నా కోసం అని అందరికీ ఎందుకు సెప్పేవు?"

"ఏదోటి సెప్పాలి కదమ్మా."

ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి నన్ను చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. అమ్మ మీదా కోపం వచ్చింది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే మంచం మీద పడుకున్నాం. నేను మానేసింది నీ వల్ల కాదే అని ఒక్కసారి అంటే ఆమె సొమ్మేం పోయేది?

చాలాసేపటికి నాన్న గొంతు తగ్గించి అడిగాడు. "నన్ను సెమించీసింది అని కొట్టమ్మా. సూద్దాం."

కొట్టాను. 'అమ్మ నాన్నని క్షమించేసింది' అన్న కార్డు వచ్చింది. కుడి అంచున ఏమీ లేదు. పైన కూడా లేదు. ప్రోగ్రాము ఆపి, మళ్ళీ తెరిచి కొట్టాను. అంతే. పక్కనే మరో వాక్యం కొడితే మామూలుగానే కోత పడింది. ఆ ఒక్క కార్డును మాత్రం ముట్టుకోలేదు.

ఇది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. ఫైళ్ళన్నీ కొత్తగా ఎక్కించి చూశాను, నా కంటే తెలిసినవాళ్ళకి చూపించాను. ఎవరూ ఏమీ తేల్చలేదు. అమ్మే చేస్తోందని అనడానికి ఈనాటికీ నోరు రావడం లేదు.

పొద్దున టీ ఇచ్చేటప్పుడు నాన్న అడుగుతాడు, "సూసిందేటి?" అని. ఆ కార్డు మళ్ళీ నడిపి చూస్తాను. "ఇంకా సూడనేదు నాన్నా" అంటాను. గ్లాసు పట్టుకుని రైలు పట్టాల వైపు తిరిగి కూర్చుంటాడు.

ఆ ప్రోగ్రాము తీసెయ్యి అక్కా అంటాడు నరేష్. తియ్యను. నాన్న ఇంకొన్నాళ్ళు అడగాలి.