నాయన కందెన పూసిన చక్రాలు

వరసగా మూడో ఏడు కూడా వానలు మొహం చాటేశాక మా పెద్దచెరువు అడుగుదాకా ఎండిపోయింది. నడిమధ్య ఒండ్రు పగుళ్ళిచ్చింది గానీ, కట్ట వెంబడి గరుసునేల మాత్రం అలికిన వాకిలిలా గట్టిగా, చదునుగా ఉండేది. గొర్రెలు కూడా అక్కడికి రావడం మానేశాయి. ఆ నేలను చూసి జిల్లాలో మోటార్లున్న పెద్దమనుషులకు ఒక ఆలోచన పుట్టింది. సున్నంతో మైలు చుట్టుకొలతన ఒక బాట గీయించి, ఒక ఆదివారం పొద్దున తమ మోటార్లు ఎంత వేగంగా పోగలవో నడిపి చూడాలని. పందెం కాదు, ముందు వేగంగా నడపడం నేర్చుకోవడమే అన్నారు. అప్పటికి జిల్లాలో సొంత మోటారు ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది. కొందరు వకీళ్ళు, ఒకరిద్దరు డాక్టర్లు, తెల్లదొరలు, భూములున్న రైతులు. ఆ రైతుల్లో ఒకాయన దగ్గర నేను డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆయన్ని మేమంతా అయ్య అనేవాళ్ళం.

"మన మోటారు ఎనకబడితే నేను కడపలో తలెత్తుకోలేనప్పా, సూడు మరి" అన్నాడు అయ్య నాతో. ఆ మాటతో నా తల ఆయన తలకన్నా పైకి లేచింది.

ఆ రోజుల్లో మా నాయన నా దగ్గరే ఉండేవాడు. బేతంచెర్లలో గని నుంచి నాపబండలను ఎద్దులబండి మీద రైలుస్టేషనుకు తోలి తోలి నడుం వంగిపోయినవాడు. అమ్మ పోయాక నేనే పిలుచుకొచ్చాను. అయ్య ఆయనకు మోటారు షెడ్డు పక్కనే ఒక గది ఇచ్చి, షెడ్డు కాపలా, రెండు ఎద్దులబండ్ల ఆలనాపాలనా అప్పగించాడు. నాయనకు అంతకన్నా కావలసింది లేదు. ఇరుసుకు కందెన పూయడంలో ఆయన చెయ్యి పేరుపడ్డ చెయ్యి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వేలితో మర్దించి, వెదురుగొట్టంలో నింపి పెట్టుకునేవాడు. ఆయన పూసిన బండి వస్తుంటే ఎద్దుల గజ్జెలు తప్ప ఇంకే చప్పుడూ వినపడదని గనిలో చెప్పుకునేవాళ్ళు. చూపు తగ్గినా, బలం తగ్గినా ఆ ఒక్క పనిలో మాత్రం ఆయనను ఎవరూ ముసలివాడు అనలేదు.

మాకు నేర్పడానికి గుంతకల్లు నుంచి ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన వచ్చాడు. రైలింజన్లు నడిపి పింఛను పుచ్చుకున్నవాడు. వారం ముందే వచ్చి మా డ్రైవర్లందరినీ ఎండలో ఆ సున్నపు బాట చుట్టూ కాలినడకన తిప్పాడు. ఎక్కడ వేగం తగ్గించాలి, ఎక్కడ మలుపు మొదలుపెట్టాలి, ఎక్కడ మళ్ళీ తొక్కాలి అన్నీ నేల మీద కర్రతో గీసి చూపించాడు. తూము దగ్గర మలుపు చెడ్డది. అక్కడ బాట కట్ట రాళ్ళకు ఆనుకుని తిరుగుతుంది. అక్కడ ఆగి అందరి మొహాలూ చూశాడు.

"ఇక్కడ మోటారు నడిపేది ఇంజను కాదు. బ్రేకు. అర్థమైనాదా?"

అర్థమైనాదని అందరం తలలూపాం. నేను అందరికన్నా ముందు ఊపాను.

ఆయన చెప్పిన సిద్ధపాటు చిన్నదేం కాదు. మోటారులో కదిలే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. దిండ్లు, నీళ్ళ డబ్బా, పనిముట్ల సంచి అన్నీ దించెయ్యాలి. చక్రాల బోల్టులు ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాలి. మాసికలు వేసిన టైర్లు పనికిరావు. భుజం మీద తుండుగుడ్డ, తలపాగా కూడదు. కాళ్ళకు బూట్లుండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పొద్దున బయల్దేరేముందు ఖాళీ చోట మోటారు నడిపి, ఎవరి కాలితో వాళ్ళే బ్రేకు తొక్కి చూసుకోవాలి. నేను అంతదాకా ఒట్టికాళ్ళతోనే నడిపినవాణ్ణి. పెడలు ఎంత లోతుకు పోతున్నదో నా అరికాలికి తెలిసేది. అయ్య తన పాత బూట్లు ఇచ్చాడు. అవి తొడుక్కుంటే నా కాళ్ళు నావి కానట్టుండేది. అయినా విప్పలేదు. షెడ్డులో, వీధిలో, చివరికి నాయన ముందు కూడా వాటితోనే తిరిగాను.

"ఏమబ్బీ, టపటపమంటా గుర్రం వస్తాందేమో అనుకున్యా" అని నవ్వాడు నాయన. నాకు నవ్వు రాలేదు.

శనివారం మధ్యాహ్నం మోటారును జాకీ మీద లేపి, వెనక చక్రాలు రెండూ ఊడదీసి, బ్రేకు డ్రమ్ములు తీసి పక్కన పెట్టాను. డ్రమ్మును లోపలినుంచి పట్టి ఆపే పాత లైనింగు అరిగిపోయింది. కొత్తది బిగించాను. ఇక డ్రమ్ములు తుడిచి, చక్రాలు ఎక్కించడమే మిగిలింది. గంట పని. కానీ బూట్లతో, డాక్టరుగారి డ్రైవరు దగ్గర అడిగి తెచ్చుకున్న కళ్ళజోడుతో ఫొటో తీయించుకోవాలని నాకు పట్టుకుంది. వెలుతురు పోతే స్టూడియోవాడు తీయడు. చొక్కా మార్చుకుంటుంటే నాయన మోటారు వెనక చతికిలబడి, డ్రమ్ము లోపలి వైపు వేలితో తడుముతున్నాడు.

"అబ్బీ, ఇదేందిది, ఇంత ఎండిపోయి ఉండాది? ఈడ ఇనుము ఒరుసుకుని తెల్లగ మెరుస్తాంది సూడు. కందెన పుయ్యలేదే?"

"నాయనా, ఇది బండి కాదు."

"చక్రం చక్రమే గదప్పా. రేపు అంత బిరాన ఉరికిస్తారంట. ఒరుసుకునే తావులో కందెన లేకుంటే నిప్పు పుడతాది."

ఒరుసుకోవడమే దాని పని అని, అక్కడ చుక్క నూనె కూడా తగలకూడదని ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చెప్పలేదు.

"సరే, పో, నీకు తోచినంత పూసుకో. నాకు పొద్దుపోతాంది" అన్నాను.

ఎగతాళికి, నవ్వుతూ అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నవ్వలేదు. విసుక్కున్నాను. ఆయన నా విసుగును చూడలేదు, మాటనే విన్నాడు. కొడుకు చాన్నాళ్ళకు తనకు ఒక పని చెప్పాడని సంతోషపడి ఉంటాడు.

నేను తిరిగొచ్చేసరికి షెడ్డులో చీకటి పడుతోంది. నాయన చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఇంక సూడబ్బీ, నీళ్ళ మీద పుట్టి మాదిరి పోతాది" అన్నాడు. దేని గురించి అంటున్నాడో నేను అడగలేదు. ఆముదం వాసన వచ్చింది. ఆయన దగ్గర ఎప్పుడూ వచ్చే వాసనే కదా అనుకున్నాను. డ్రమ్ములు తుడవకుండానే ఎక్కించి, చక్రాలు బిగించి, బోల్టులు మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను. బోల్టులు పైకి కనిపిస్తాయి.

మేము క్రైస్తవులం. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి పోవడం నాయనకు కష్టంగానే ఉండింది. పొద్దున అయ్య ఇంటివాళ్ళు మోటారుకు గుమ్మడికాయ దిష్టి తీశారు. అది అయ్యేదాకా ఆగి, నాయన వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నా పేరు, అయ్య పేరు చెప్పి ప్రార్థన చేశాడు. తర్వాత తాగేనీళ్ళ పీపాయితో ఎద్దులబండి తోలుకుని మా వెనకే బయల్దేరాడు.

దారిలో ఒకచోట మేకలు అడ్డమొస్తే బ్రేకు తొక్కాను. మోటారు ఆగింది గానీ, ఆగాల్సినచోట ఆగలేదు. కొత్త లైనింగు కదా, కాస్త అరిగితే పట్టుకుంటుందిలే అనుకున్నాను. బూట్లవల్ల అట్లా అనిపిస్తున్నదేమో అని కూడా అనుకున్నాను. దిగి చూడాలంటే చక్రాలు ఊడదీయాలి. ఊడదీస్తే వరసలో మా మోటారు ఆఖరికి పోతుంది. ఇవన్నీ నేను ఆలోచించాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు చోటు లేదు.

సున్నపు గీత దగ్గర పెద్దాయన ఒక్కొక్క డ్రైవరునూ ఆపి అడిగాడు. నా వంతు వచ్చింది.

"ఈ పొద్దున బ్రేకు తొక్కి చూసినావా? నీ కాలితో?"

"చూసినాను సార్."

"పట్టుకుందా?"

"పట్టుకుంది సార్."

మొదటి రెండు చుట్లు అందరం బారుగా, నెమ్మదిగా తిరిగాం. మూడోది వేగంగా. అయ్య నా పక్కనే కూర్చున్నాడు. కట్ట మీద జనం, ముందు తెల్లగా సున్నం. తూము మలుపు దగ్గర పెద్దాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పినచోటే నేను బ్రేకు తొక్కాను. పెడలు మోటారు అడుగుకు తగిలేదాకా తొక్కాను. ముందు చక్రాలు పట్టుకుని నేలను గీరుతూ పోయాయి. వెనకవి పట్టుకోలేదు. స్టీరింగు ఎంత తిప్పినా మోటారు సున్నపు గీత దాటి, కట్ట రాళ్ళు ఎక్కి పక్కకు ఒరిగిపోయింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. అయ్య చెయ్యి విరిగింది.

డాక్టరుగారు అయ్య చేతికి బద్దలు కడుతుండగా పెద్దాయన వెనక చక్రం ఊడదీయించాడు. డ్రమ్ము నిండా నల్లటి జిగురు. వేలితో తీసి వాసన చూశాడు.

"ఆముదం. ఎవరు ముట్టుకున్నారు ఈ చక్రాలు?"

అందరూ నా వైపు చూశారు. నీళ్ళబండి దిగి నాయన కూడా అక్కడికి వచ్చి ఉన్నాడు.

"మా నాయన" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అది అంత సులభంగా నోట్లోంచి వచ్చింది. పూసుకో అని నేనే చెప్పానని, తుడవకుండా నేనే ఎక్కించానని, ఇంతకుముందే ఈ పెద్దాయనతో అబద్ధమాడానని ఆ మాట వెనక దాచుకున్నాను. నాయన నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని తల దించుకున్నాడు.

"నేనే సామీ. నా బుద్ధి గడ్డి తినింది."

"ఏమప్పా ముసలాయనా, బండి అనుకుంటివా? ఎద్దులను గూడా కట్టకపోతివా!" అన్నాడు గుంపులో ఎవడో. అందరూ నవ్వారు. నేను కిందికి చూస్తూ బూట్ల తాళ్ళు సరిచేసుకున్నాను.

అయ్య మంచివాడే. కానీ నొప్పిలో ఉన్నాడు, నలుగురిలో ఉన్నాడు. "రేపటి నుంచి ఈయన నా షెడ్డు గడప తొక్కకూడదు" అన్నాడు.

మరునాడు నాయన మూట కట్టుకుని బేతంచెర్లలో మా అక్క ఇంటికి రైలెక్కాడు. స్టేషనులో ఒక్కటే మాట అన్నాడు, "మోచేతికి పసుపు పెట్టుకో అబ్బీ" అని. ఇంటికొచ్చి చూస్తే కందెన గొట్టం షెడ్డులో మేకుకే వేలాడుతోంది.

నేను ఒక మాట అనుకున్నాను. వచ్చే ఎండాకాలం ఆ పెద్దమనుషులంతా మళ్ళీ చెరువులో కలుస్తారు. అప్పుడు అందరి ముందూ నిజం చెప్తాను. అట్లా అనుకోవడంలో ఎంత సుఖముందంటే, చెప్పినంత పుణ్యం చెప్పకుండానే వచ్చినట్టుండేది. ఆ ఏడు వానలు కురిశాయి. మూడేళ్ళ బాకీ ఒక్కసారిగా తీర్చినట్టు కురిశాయి. చెరువు అలుగు పారింది. ఊరంతా పసుపు కుంకుమలతో కట్ట మీదికి పోయింది. నేనూ పోయాను. తూము మలుపు మీద నిలువెత్తు నీళ్ళు. అందరూ చేతులెత్తి మొక్కుతుంటే, నేను చెప్తానన్న చోటు మునిగిపోయిందని నిలబడి చూశాను. ఆ సంతోషంలో పాలుపంచుకోలేకపోయినవాణ్ణి ఆ కట్ట మీద నేనొక్కణ్ణే.

కోతలయ్యాక ఆ గొట్టం సంచిలో పెట్టుకుని బేతంచెర్లకు పోయాను. నాయన స్టేషను దగ్గర బండ్లు విప్పేచోట ఒక బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒక బండివాడు చక్రం ఊడదీసి, "మామా, నీ చేత్తో ఇంత కందెన పుయ్యి, లోడు శానా ఉండాది" అని బతిమాలుతున్నాడు.

"నా చెయ్యి మంచిది కాదప్పా. ఇంకెవరినన్నా సూసుకో."

"అవునవును, కడపలో మోటారునే బోర్లాపడేసిన చెయ్యి!" అన్నాడు ఇంకొకడు. నవ్వారు. నాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేను వాళ్ళ మధ్యకు పోయి నిలబడ్డాను.

"మోటారును పడేసింది నేను" అన్నాను. "కందెన పూసుకో అని నాయనకు చెప్పింది నేను. తుడవకుండా చక్రం ఎక్కించింది నేను. బ్రేకు సరిగ్గా పట్టుకోలేదని తెలిసి కూడా పట్టుకుందని చెప్పింది నేను."

 నాయన బండరాయి మీద నుంచే నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్తేనే పూసినానని నాకు తెలీదా? ఆ పొద్దు నేనూ ఆడనే ఉంటి గదా" అన్నాడు. "ఈళ్ళకు చెప్పి ఏం లాభమబ్బీ? ఈళ్ళ చెయ్యి ఇరగలేదు. చెయ్యి ఇరిగినాయనకు చెప్పుపో."

తర్వాత చెయ్యి చాపాడు. గొట్టం ఇచ్చాను. మూత తీసి వాసన చూసి, "గట్టిపడిపోయింది" అని గొణుక్కుని, వేలితో మర్దించడం మొదలుపెట్టాడు. బండివాడు చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

కడపకు వచ్చాక అయ్య ఒంటరిగా ఉన్న సమయం కోసం చూడలేదు. ఒంటరిగా చెప్తే సగం దాచుకున్నట్టే అనిపించింది. వకీళ్ళు, డాక్టరుగారు వసారాలో కూర్చుని ఉండగా పోయి అంతా చెప్పాను. అయ్య సరిగ్గా అతకని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదప్పా?"

"మోటారు నా చేతిలోంచి పోతాదని, అయ్యా."

"మోటారు తాళం ఆడ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆయన చేసింది న్యాయమే. నాయనను మళ్ళీ రమ్మని మనిషిని పంపాడు కూడా. నాయన రాలేదు. ఈడ బండ్లు శానా ఉండాయని చెప్పి పంపాడు.

కొన్నాళ్ళకు బేతంచెర్ల నుంచే నడిచే ఒక బస్సులో నాకు పని దొరికింది. బూట్లు మళ్ళీ తొడగలేదు. రోజూ పొద్దున, మనుషులు ఎక్కకముందే, ఖాళీ బస్సును నాలుగు గజాలు నడిపి ఒట్టికాలితో బ్రేకు తొక్కి చూసేవాణ్ణి. నాయన ఎక్కడికన్నా పోవాల్సిన రోజున మెట్టు దగ్గర కర్ర ఆనించి నిలబడేవాడు.

"పట్టుకునిందా?"

"పట్టుకునింది నాయనా."

"ఏదీ, ఇంగొకసారి తొక్కు. నేను సూస్తా."

నేను మళ్ళీ తొక్కేవాణ్ణి. ఆయన చక్రం ఆగేదాకా వంగి చూసి, అప్పుడు ఎక్కేవాడు.