పడమటికి పోవాల్సిన కబురు

మా పక్కింటి తమ్ముడు పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున నేను చాయ్ దించి, గ్యాసు సరిగ్గా కట్టేశానో లేదోనని రెండోసారి చూస్తుంటే, గోడ అవతల నుంచి అతని బిడ్డ పిలిచింది. "పెద్దమ్మా, అబ్బా లేస్తలేడు" అంది. నేను పోయేసరికి చెయ్యి చల్లగా ఉంది.

శామీర్‌పేట దగ్గరి మా అలియాబాద్‌లో ఎవరు పోయినా వచ్చినవాళ్లు ముందు అడిగే మాట ఒకటే. మీవాళ్లందరికీ కబురు పోయిందా అని. ఆ రోజూ అడిగారు. పాతబస్తీ చుట్టాలందరికీ ఫోన్లు చేశానని బిడ్డ ఏడుస్తూనే చెబుతోంది. నేను ఒక మూలన కూర్చున్నాను. కబురు పోవాల్సిన చోటు ఇంకొకటి ఉందనీ, ఆ పని నా మీద పెట్టి పోయాడనీ నాకొక్కదానికే తెలుసు.

మా తమ్ముడు సిద్దీ. వాళ్ల పెద్దలను ఎప్పుడో ఆఫ్రికాలో పట్టి, ఓడల్లో తెచ్చి అమ్మారట. వాళ్లలో కొందరు నిజాం గుర్రపు దళంలో కొలువు చేశారు. ఆ కొలువులు పోయాక వాళ్ల పిల్లలు పెళ్లిళ్లలో బారాత్ ముందు మర్ఫా వాయించి బతికారు. తమ్ముడు ఆ మేళంలో డఫ్ అనే తోలు పలక కొట్టేవాడు. మా ఊరి పిల్లను చేసుకుని, మా రేకుల ఇంటికి ఆనుకునే ఇల్లు కట్టుకున్నాడు. అతని ఉంగరాల జుట్టు చూసి, ఏ దేశం నుంచో వచ్చాడనుకుని మేడ్చల్ బస్సులో కండక్టర్లు ఇంగ్లీషులో మొదలుపెట్టేవాళ్లు. "అలియాబాద్‌కు ఒకటి గొట్టు బిడ్డా. నా దగ్గర చిల్లర లేదు, ఇంగ్లీషు గూడ లేదు" అనేవాడట. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, నాకంటే ముందు తనే నవ్వేవాడు.

కానీ ఆ ఓడ ఎక్కింది ఏ రేవులోనో, ఆ రేవుకు తెచ్చింది ఏ ఊరి నుంచో వాళ్ల తాతకు కూడా తెలియదు. వాళ్ల దాదీ, అదే నాయనమ్మ, మాత్రం ఇంట్లో ఎవరు పోయినా వాకిట్లో పడమటి దిక్కుకు నిలబడి, పోయినవాళ్ల పేరు గట్టిగా చెప్పేదట. ఇంటికి కబురు చేస్తున్నాననేదట.

ఒకసారి మేడ్చల్ బజారులో పిల్లల పుస్తకాల దుకాణం నుంచి ఆఫ్రికా పటం కొనుక్కొచ్చాడు. మైదా ఉడికించి, మా రెండిళ్ల నడిమి గోడకు వాళ్ల వైపున అతికించాడు. అతనికి ఉర్దూ తప్ప చదవడం రాదు. నేను మూడో తరగతిదాకా పోయినదాన్ని. కూడబలుక్కుని ఒక్కొక్క పేరు చదివాను. సోమాలియా, ఇథియోపియా, టాంజానియా, మొజాంబిక్. ప్రతి పేరుకూ ఆగమని, కళ్లు మూసుకునేవాడు. లోపల ఏదైనా కదులుతుందా అని చూసుకునేవాడు. చివరి పేరుదాకా చదివాను. కళ్లు తెరిచి, "ఏది మాదో తెలుస్తలేదు అక్కా. ఇగ అన్నీ మావే అనుకోవాలె. అన్నిటికీ పరేషాన్ గావాలె" అన్నాడు.

ఆ మాట నాకు బాగా అర్థమైంది. వాన రాకపోతే ఒక భయం, వస్తే ఒక భయం, బస్సు ఆలస్యమైతే ఇంకో భయంతో బతికినదాన్ని నేను. ఇన్నేళ్లూ మమ్మల్ని కలిపింది ఆ పరేషానే.

రోజూ పేపర్ రాగానే గోడ మీద చేత్తో తట్టేవాడు. "అక్కా, మా దిక్కు ఏమన్న రాసిన్రా?" ఏదైనా దేశంలో ఓట్లు గొడవ లేకుండా పడ్డాయని చదివితే, తన మనిషే గెలిచినట్టు గల్లీలో అందరికీ చాయ్ పోయించేవాడు. సూడాన్‌లో జనం ఊళ్లకు ఊళ్లు వదిలి పోతున్నారని చదివిన రోజు రొట్టె ముట్టలేదు. ఎక్కడైనా పెద్దాయనను దించి సిపాయిలు గద్దెనెక్కారని చదివితే, ఎవరు ఎక్కారని అడిగేవాడు కాదు. బజార్లు తెరిచారా అని అడిగేవాడు. బజారు తెరిస్తే జనం తింటున్నట్టని అతని లెక్క. తెల్లవాళ్లు ఎక్కడో కూర్చుని ఆ దేశాలను పంచుకున్నారని ఒక ఆదివారం పేపర్‌లో చదివి చెప్పాను. లేచి పోయి పటం మీద బద్ద పెట్టి గీసినట్టున్న సరిహద్దులను వేలితో రుద్దాడు. "గీ గీత కింద ఎవని ఇల్లు పడ్డదో" అన్నాడు.

పటం పక్కనే మేకుకు అతని డఫ్ ఉండేది. మధ్యాహ్నం రేకులు కాలితే తోలు బిగుసుకుని, ఎవరూ ముట్టకుండానే టక్కుమనేది. మొదటిసారి విని నేను దయ్యమనుకున్నాను. "భయపడకు అక్కా. అక్కడ మావోళ్లెవరో పోయిన్రు, కబురొస్తాంది. ఒక్క గడియ కూసుంటె సాలు" అన్నాడు. చేతిలో పని వదిలి కూర్చునేవాడు. గోడకు ఇటువైపు నేనూ కూర్చునేదాన్ని.

పోయిన వానాకాలం జ్వరంలో ఉన్నప్పుడు నన్ను పిలిపించాడు.

"నేను వోతే అటు కబురు చెయ్యాలె అక్కా."

"ఎవలకు చెప్పాలె తమ్మీ?"

"గదే ఎరుకలేదు" అని నవ్వాడు. నేను సరేనన్నాను. జ్వరంలో ఉన్న మనిషికి కాదని ఎట్లా చెప్పను?

ఖబరస్తాన్‌లో ముఖం పడమటికి తిప్పి పడుకోబెట్టారని బిడ్డ చెప్పింది. అటే చూస్తున్నాడు కదా అని కొంచెం కుదుటపడ్డాను. మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల డఫ్ టక్కుమంది. మూడో రోజూ మోగింది. కబురు ఇంకా చెయ్యలేదేమని నన్ను అడుగుతున్నట్టే ఉంది.

శామీర్‌పేట వైపు కాలేజీల్లో ఆ దేశాల పిల్లలు చదువుతున్నారు. వాళ్లు నిలబడే బస్టాప్ కరీంనగర్ రోడ్డుకు అవతల ఉంది. ఆ లారీల మధ్య రోడ్డు దాటడమంటే నాకు ప్రాణాలు పోతాయి. మొన్న దాటాను. సన్న జడలేసుకున్న ఒక ఆడపిల్ల ఉంది. అడుక్కునేదాన్ననుకుని సంచిలో చెయ్యి పెట్టింది. వద్దని తల ఊపి, వచ్చిన మాటల్లోనే చెప్పాను.

"మీవాడొకడు పోయిండు బిడ్డా. అలియాబాద్‌ల. డఫ్ మంచిగ కొట్టెటోడు. మీ ఇండ్లల్ల చెప్పున్రి."

ఆ పిల్లకు అర్థం కాలేదు. నాకు వచ్చింది ఆ పటమే కదా. "టాంజానియా? ఇథియోపియా?" అని అడిగాను. ఆ పిల్ల ముఖం మారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని "జాంబియా" అంది. నేను పడమటి దిక్కు చూపించి తమ్ముడి పేరు చెప్పి ఏడ్చాను. నా రెండు చేతులూ పట్టుకుంది. బస్సు వచ్చినా, అది కదిలేదాకా వదల్లేదు. ఎక్కాక కిటికీలో నుంచి వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. ఆ నుదురు అచ్చం తమ్ముడి నుదురే.

తిరిగొచ్చి వాళ్ల గోడ మీది పటంలో జాంబియాను వెతికాను. సముద్రం ఏ వైపు చూసినా దూరమే. చుట్టూ ఎన్ని దేశాలో, ఎన్ని రంగులో. అన్నిటికీ నేనొక్కదాన్నే చెప్పలేను, అందుకే ఇది రాస్తున్నాను. మీకు ఎక్కడైనా ఆ దిక్కు మనుషులు కలిస్తే, మీవాడొకడు మా దగ్గర పోయాడని ఒక మాట చెప్పండి.

ఆ మధ్యాహ్నం గోడకు ఇటువైపు కూర్చుని, "జాంబియాకు చెప్పిన తమ్మీ" అన్నాను. రేకులు కాలుతున్నాయి.  డఫ్ టక్కుమంది. కబురు చేరిందనుకుని, ఒక్క గడియ అట్లాగే కూర్చున్నాను.