సుద్ద గీతల బస్సు

కత్తెర పట్టుకునే ముందు సుద్దముక్కను వేళ్ల మధ్య ఒకసారి నలపడం నా అలవాటు. ఆ మెత్తని పొడి వాసన ముక్కుకు తగిలిందంటే కోరుట్లలోని ఈ చిన్న కుట్టు షాపు కాస్త కదిలినట్టే ఉంటుంది. కాళ్ల కింద ఇంజను గుర్రుమంటుంది, కిటికీలోంచి ఎండ వచ్చి గుడ్డ మీద పడుతుంది. నిన్న పొద్దున పెళ్లివారి జాకెట్ గుడ్డ పరిచి, నేతలో పోగు తెగిన చోట సుద్దతో సున్నా చుట్టాను. గుడ్డ తెచ్చినావిడ ముఖం మాడ్చుకుంది. "గదేందక్కా, కొత్త గుడ్డకు గిట్ల వంకలు వెడ్తున్నవ్?" అంది. నాకు నవ్వొచ్చింది. ఈ వంకలు పెట్టడం నాకు నేర్పిన మనిషి పేరు భూలక్ష్మి. నేను అక్కా అని పిలిచేదాన్ని.

ఆమె షాపు ఒక బస్సు. ఏదో ప్రైవేటు బడి పిల్లల్ని మోసి మోసి అలిసిపోయిన పసుపు బస్సును కొని, సీట్లు పీకించి, నాలుగు కుట్టు మిషన్లు బిగించింది. వెనకాల ఒక పరదా కడితే అదే కొలతలు చూసుకునే గది. సిరిసిల్ల నుంచి తెచ్చిన లంగా గుడ్డల తాన్లు పై అరల్లో ఉండేవి. ఆమె భర్త రాజేశం బావ గల్ఫ్‌లో లారీలు నడిపి వచ్చినవాడు కాబట్టి డ్రైవరును వెతుక్కునే పని లేకపోయింది. పెళ్లిళ్ల కాలంలో గొల్లపల్లి, బీర్పూర్, ఇటు కోనరావుపేట దాకా పోయేవాళ్లం. పొద్దున గుడ్డ ఇచ్చిన మనిషి పొద్దుగూకే సరికి జాకెట్ తొడుక్కొని ఇంటికి పోయేది. అప్పటిదాకా బీడీలు చుట్టిన చేతులు నావి. ఆ బస్సెక్కాక మొదటిసారి పొగాకు వాసన లేని అన్నం తిన్నాను.

చేరిన కొత్తలో కోనరావుపేటలో ఒకామె పట్టు జాకెట్ గుడ్డ ఇచ్చింది. నేను హుషారుగా కత్తెర ఎత్తగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆగు పిల్లా. ముందుగాల వెలుతురుకు వట్టు." ఆ గుడ్డను కిటికీకి అడ్డంగా పట్టి, రెండు చోట్ల సుద్దతో సున్నాలు చుట్టి, ఆమెను పిలిచి చూపించింది. "జూడు చెల్లే, గీడ పోగు తెగింది, గీడ డాగున్నది. కుట్టుమంటవా, వాపస్ ఇచ్చి ఇంకోటి తెచ్చుకుంటవా?" ఆమె గుడ్డ తీసుకొని వెళ్లిపోయింది. చేతికొచ్చిన పని పాయె అని నేను మూతి ముడుచుకున్నాను. చూడనట్టు కుట్టేస్తే పోయేది కదా అన్నాను. "కత్తెర వడకముందు చెప్తే అది గుడ్డల తప్పు. వడ్డంక చెప్తే మన తప్పయితది" అని అక్క ఇంకో గుడ్డ అందుకుంది. ఆ మాట నాకు అప్పుడు చాదస్తంగానే తోచింది.

నిజం చెప్పాలంటే మా బస్సుకున్నన్ని వంకలు ఏ గుడ్డకూ ఉండేవి కావు. రివర్స్ గేరు పడేది కాదు. ఎత్తు మీద వేడెక్కి ఆగిపోయేది. చలికి స్టార్ట్ కాదు గనుక రాత్రి పల్లం వైపు ముఖం పెట్టి ఆపేవాళ్లం. గేరు బాక్సే మార్చాలని మెకానిక్ అన్నాడు గానీ అంత తాహతు మాకెక్కడిది? ఏ ఊరికి పోయినా బావ ముందు దిగి, బస్సు తిరిగి రావడానికి జాగా ఉందో లేదో చూసి వచ్చేవాడు. ఒక్కసారి బీర్పూర్‌లో తొందరపడి ఒక గల్లీలోకి పోనిచ్చాడు. చివర చూస్తే గోడ. అక్క దిగి నడుం మీద చేతులు పెట్టుకొని కేకేసింది. "జాకెట్లు కావాల్నంటే బస్సును ఎనుకకు నూకుండ్రి!" ఆడవాళ్లంతా కొంగులు దోపుకొని వచ్చారు. పరదా వెనక కొలత చూసుకుంటున్న ఒకామె గుండుసూదులు పెట్టిన జాకెట్‌తోనే దిగి భుజం ఆనించింది. "ఓ అవ్వా, నువ్వు జరుగు, సూదులు గుచ్చుకుంటయ్!" అని అక్క అరుస్తుంటే నవ్వు ఆపుకోలేక అందరి చేతులూ జారిపోయాయి. ఆ రోజంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు. తర్వాత ఎప్పుడు పోయినా బీర్పూర్ వాళ్లు నూకేది ఎప్పుడని ముందే అడిగేవాళ్లు.

కొన్నేళ్లకు బావకు చూపు మందగించింది. డాక్టరు బండి నడపొద్దన్నాడు. అక్క బస్సు అమ్మేసి కోరుట్ల మెయిన్ రోడ్డు మీద ఒక గది తీసుకొని మిషన్లు అక్కడికి మార్చాలనుకుంది. గది యజమాని ఆదివారం దాకా ఆగుతానన్నాడు, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఆ గది దొరక్కపోతే నేను మళ్లీ బీడీల చాట ముందు కూర్చోవాల్సిందే.

జగిత్యాల నుంచి ఒక బ్రోకరు వస్తున్నాడని తెలిసిన పొద్దున, అక్క సుద్ద తీసుకొని బస్సు చుట్టూ తిరిగింది. తలుపు పక్కన 'రివర్స్ పడదు' అని రాసింది. ముందు వైపు 'ఎత్తు మీద వేడెక్కుతది', కిటికీ కింద 'వాన కారుతది', ఇంకో పక్క 'చలికి స్టార్ట్ కాదు'. ఏళ్ల తరబడి జాకెట్ చంకలు గీసిన చెయ్యి కదా, ప్రతి అక్షరమూ చంక వంపు లాగే తిరిగింది. బ్రోకరు చూసి పకపకా నవ్వాడు.

"అక్కా, బండి అమ్ముతున్నవా, బండి మీద కేసు వెడ్తున్నవా?"

"ఉన్నదే రాసిన తమ్మీ."

"నువ్వు అడిగినంత ఇప్పిస్త. గా రాతలు తుడిచెయ్యి. రేపు పొద్దుగాల పార్టీ అస్తది. ఆళ్లు అడుగరు, నేను చెప్ప."

"దీంట్ల ఏం ఎక్కిస్తరట?"

"కూలోళ్లను. పత్తి ఏరవోయెటోళ్లను."

అక్క మళ్లీ సుద్ద అందుకుంది. "మనుషులనా? అయితే ఇంకింత పెద్దగ రాయాలె" అని ఆ అక్షరాల మీదే మళ్లీ దిద్దడం మొదలుపెట్టింది. బ్రోకరు బైకు తిప్పుకొని వెళ్లిపోయాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "గది పోతే నేనేం గావాలె అక్కా? నీకు బావ ఉన్నడు. నాకెవ్వలున్నరు?" అని గట్టిగానే అడిగాను. అక్క సుద్ద పక్కన పెట్టి బస్సు మెట్టు మీద కూలబడింది. ఆమె అలా కావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నాకు భయం లేదనుకుంటున్నవా స్వరూపా?" అంది. "బీర్పూర్‌ల మనల్ని నూకెటోళ్లు ఉండిరి. కూలోళ్లతోని ఎత్తు మీద ఆగిపోతే ఆళ్లను ఎవ్వలు నూకుతరే?"

ఆదివారం రానే వచ్చింది. ఆ గదిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. తర్వాతి వారం గొల్లపల్లి నుంచి ఒక జంట వచ్చింది. అతను తాళ్లెక్కే మనిషి, చెట్టు మీంచి పడ్డాక కల్లుగీత మానేసి టిఫిన్ బండి పెట్టాలనుకుంటున్నాడు. ఇద్దరూ ఒక్కో రాత దగ్గరా ఆగి చదివారు. "ఎనుకకు వోకుంటేంది, రోడ్డు పక్కన ఒక్కదిక్కు నిలవెడ్తం. జాతరలకు మాత్రం మెల్లగ తీస్కపోతం" అంది అతని భార్య. అతను స్వయంగా నడిపి, వేడెక్కేదాకా పోనిచ్చి, నీళ్లు పోసుకొని తిరిగి తెచ్చాడు. బ్రోకరు ఇస్తానన్న దానికి తక్కువే ఇచ్చారు. దాంతో వెనక గల్లీలో ఎండ సోకని ఈ గది వచ్చింది. గుడ్డ చూసుకోవడానికి అక్క ఇందులో ట్యూబ్‌లైటు పెట్టించింది. చివరి వరకూ ఆ వెలుతురులోనే పని చేసింది.

పోయిన వానాకాలం అక్క చనిపోయింది. దినాలయ్యాక పని మీద జగిత్యాల దాటి పోతూ గొల్లపల్లి దారిలో టిఫిన్‌కి ఆగాను. అదే పసుపు బస్సు. తలుపు పక్కన ఎర్ర రంగులో 'రివర్స్ పడదు' అని ఉంది. అవే వంపులు. నేను కదలకుండా నిలబడితే ఇడ్లీ పెడుతున్న ఆమె గుర్తుపట్టింది. "సుద్ద చెరగకముందే పెయింటర్‌తోని దాని మీదనే దిద్దిచ్చిన. జాతరకు ఎవ్వలు నడిపినా ముందుగాల సదువుకోవాలె గద" అంది. "గా రాతలు రాసిన అక్క మంచిగున్నదా?"

ఆ అక్షరాల వంపు వెంట వేలు పెట్టి చివరిదాకా గీసుకుంటూ పోయాను, తర్వాత అలవాటుగా వేలు చూసుకున్నాను. పొడి ఏమీ అంటలేదు.

నిన్నటి ఆవిడ గొణుక్కుంటూ గుడ్డ తీసుకొని వెళ్లిపోయింది. మళ్లీ వస్తుందో రాదో తెలియదు. నేను ఇంకో గుడ్డ తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టాను.