పెళ్లిచీర మీద ఉడుములు

ఆ రోజుల్లో ధర్మవరం మగ్గాల మీద ఉన్నన్ని హంసలు మానససరోవరంలో కూడా ఉండి ఉండవు. చెరువు నిండిందంటే జనం పనులు మానుకొని చూడటానికి పోయే సీమ మాది. అలాంటి చోట ఆడవాళ్ల చీర అంచుల మీద మాత్రం హంసలు బారులు తీరి ఈదుతుండేవి. హంసను గీసినవాడూ చూడలేదు, నేసినవాడూ చూడలేదు, కట్టుకున్నామె అసలే చూడలేదు. అయినా ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరం కలిగింది లోకం మొత్తమ్మీద నాకొక్కడికే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసై ఉన్నాను. (ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి పెనుకొండలో మా ఇంటి గోడకు తగిలించింది నేనే. దాని మేకుకు మా నాయన తుండుగుడ్డ తగిలించేవాడు.)

నాయన నన్ను టీచరు ట్రైనింగుకు పొమ్మన్నాడు. నేను పోనని మొండికేసి, ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారు దగ్గర డిజైన్లు గీసే పనిలో చేరాను. "ఉగాది దాకా చూస్తా. అంతలోపల నీ బొమ్మను ఒక్కరన్నా బాగుండాదని కొంటే సరి. లేదంటే నోరు మూసుకొని ట్రైనింగుకు పోవాల" అని నాయన గడువు పెట్టాడు. పని చెప్పుకోవడానికి గొప్పగానే ఉండేది. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ బొమ్మ తయారుచేస్తే, ఆ చుక్కల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీది జాకార్డు పెట్టెకు తగిలించేవారు. రంధ్రాలను బట్టి దారాలు లేచి, చీర మీద బొమ్మ పడేది. కానీ నాకిచ్చింది పాత హంసలకు నకళ్లు తీసే పని. నాలుగు నెలలు హంసలు గీశాను. అన్నంలో చెయ్యి పెడితే వేలు దానంతటదే హంస మెడ తిప్పేది.

అలాంటి సమయంలో హిందూపురం నుంచి బెల్లం మండీ నడిపే ఒకాయన కూతురి పెళ్లిచీర కోసం వచ్చి, "ఇంతవరకూ ఏ పెండ్లిలోనూ చూడని డిజైను కావాల" అన్నాడు. చూడని హంసలెందుకు, మన నేల మీద తిరిగే జంతువులనే పట్టుమీదికి ఎక్కిద్దామని ఆ నిమిషంలోనే నిశ్చయించుకున్నాను. మన జంతువుల గురించి నాకు తెలిసింది ఎంత అని ఇప్పుడు మీరడిగితే సిగ్గుపడాలి. మా ఊరి కొండ మీద ఎలుగుబంట్లు ఉన్నాయని విన్నాను. రొద్దం వైపు మెట్టచేలల్లో జింకల మందలు, మనిషి నడుమెత్తు బట్టమేక పిట్టలు తిరుగుతాయని విన్నాను. జింకను మాత్రం ఒకసారి బస్సు కిటికీలోంచి చూశాను, అదీ వెనకవైపు. నేను నిజంగా చూసింది ఒక్క ఉడుమునే. పెనుకొండ కోటగోడకు కరుచుకొని, ఒక మధ్యాహ్నమంతా అది నన్నూ నేను దాన్నీ చూసుకున్నాం. ముందుగా లేచి వెళ్లింది నేనే. అందుకని కొంగు మీద ఎలుగుబంట్లు, జింకలు, బట్టమేక పిట్టలు వేసి, నాకు బాగా తెలిసిన ఉడుముకు మాత్రం పెద్దపీట వేశాను. అంచు పొడవునా ఉడుములే, ఒకదాని తోక వెనక ఒకటి.

సావుకారు గళ్ల కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూశాడు. "హంసలేనా?" అన్నాడు.

"కొంచెం మార్చినా సావుకారూ."

"మెడ మార్చినావా?"

"అన్నీ మార్చినా."

"కానీలే. జరీ బాగా కనపడాల, అంతే" అని కాగితం నా చేతిలో పెట్టేశాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే బాగుండేది. కళాకారుడు ముందే చెప్పడని నాకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, వాళ్లు కనిపిస్తే ఇప్పటికీ రెండు మాటలు అనాలని ఉంది.

చీర నేసింది మేం మగ్గం మామ అని పిలుచుకునే పెద్దాయన. నలభై ఏళ్లుగా హంసలు నేస్తున్న మనిషి. కొంగు మొదలుపెట్టిన మూడోనాడు నన్ను పిలిపించాడు. "ఏమప్పా, పెండ్లిచీర మీద మేకలు వేసినావే, ఎవురన్నా కోసుకొని తినేకా?" అన్నాడు. జింకలని చెప్పాను. "ఈ దిండు ఏమప్పా?" అన్నాడు. దిండు కాదు మామా, ఎలుగుబంటి అన్నాను. (గీతలు గళ్లలోకి మారేసరికి దాని కాళ్లు ఎక్కడికో పోయాయి.) తర్వాత పిట్ట దగ్గరికి వచ్చి, "ఇది నిప్పుకోడి గదా?" అన్నాడు. బట్టమేక పిట్ట అని చెప్పగానే మాత్రం ఆయన మొహం విప్పారింది. "ఓ, అదా! మా అత్తగారి చేన్లో తిరుగుతాంటాది. మిడతల్ని ఏరుకొని తింటాది. నడక చూడల్ల నువ్వు, పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినట్ల ఉంటాది" అని, మగ్గం ఆపి, కాళ్లు దించుకొని కూర్చునే గుంతలోంచి పైకి లేచి మరీ ఆ నడక నడిచి చూపించాడు. నేను గీసిన పిట్ట కంటే ఆయనే ఆ పిట్టకు దగ్గరగా ఉన్నాడు. అంచును మాత్రం చూసి ఏమీ అడగలేదు. అడగలేదంటే మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

పెళ్లి పదిరోజులుందనగా హిందూపురం వాళ్లు కుటుంబంతో సహా దిగారు. అంగట్లో పరుపుల మీద అందరూ కూర్చున్నాక సావుకారు చీరను విసురుగా పరిచాడు. పరిచి, తనూ అప్పుడే మొదటిసారి చూసి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పెళ్లికూతురి అవ్వ అంచు మీద వేలు పెట్టి, "ఏమప్పా, ఇన్ని బల్లులా!" అంది. ఆమె అంతకంటే ఏమీ అనకుండా సంచిలోంచి పంచాంగం తీసింది. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో, ఆడవాళ్లకు వేరుగా మగవాళ్లకు వేరుగా పంచాంగంలో ఉంటుంది గదా, ఆ పేజీ తెరిచి, మనవరాలిని నిలబెట్టి కొంగు కప్పి, ఒక్కొక్క ఉడుము ఎక్కడ పడిందో చూసుకుంటూ చదవడం మొదలుపెట్టింది. "నెత్తిన ముసుగేసుకుంటే మరణభయం."

సావుకారు పక్కనుంచి తొంగిచూసి, "భుజం మీదయితే నగలొస్తాయని రాసుండాది గదవ్వా!" అన్నాడు ఆశగా.

"వస్తాయి. వీపు మీద చూడు, చావు కబురు. నగలు పెట్టుకొని చావుకు పోవల్నా బిడ్డ?"

నేనిక ఆగలేకపోయాను. "అవ్వా, అవి బల్లులు కాదు. ఉడుములు. మన కొండల్లో ఉండేటివి" అన్నాను, డ్రాయింగ్ హయ్యర్ గౌరవమంతా గొంతులో నింపుకొని.

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "బల్లి పడితే తలకు పోసుకుంటే పోతాది. ఉడుము పడితే పీకేదెవురప్పా?" అంది. అంగడంతా ఘొల్లుమంది. పెళ్లికూతురు కూడా నవ్వింది. నవ్వి, కొంగును ఒకసారి నిమిరి, "ఈ దిండ్లు బాగుండాయవ్వా" అంది మెల్లగా. అవ్వ ఆమె చేతిలోంచి కొంగు లాగేసింది. గంటలో వాళ్లు పాత హంసల చీరే ఒకటి మూట కట్టించుకొని వెళ్లిపోయారు. సావుకారు నా చీరను నా గుండెల మీదికి నెట్టి, "ఇది అంగట్లో ఉంటే తక్కిన చీరలు కూడా ఎవురూ ముట్టుకోరు. నీ అడవిని నువ్వే ఎత్తుకొని పో, రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. అంత అవమానం నాకు మళ్లీ ఎన్నడూ జరగలేదు. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు కూడా.

పెనుకొండలో నాయన చీరను విప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా మడత పెట్టాడు. "ఒకరు బాగుండాదన్నారు నాయనా" అన్నాను. "ఏది?" అన్నాడు. "ఎలుగుబంట్లు" అని అబద్ధం చెప్పాను. "మరి వాళ్లు కొనిరా?" అన్నాడు. ఆ ఏడే ట్రైనింగుకు పోయాను. డ్రాయింగు మాస్టరునై ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పాను. ఏం నేర్పానని అడుగుతారేమో. హంసలే. వాళ్ల పరీక్షలో అవే వచ్చేవి.

ఆ చీర మా ఆవిడ పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంది. ఆమె ఒక్కసారీ కట్టలేదు గానీ, ఏటా ఒకరోజు మిద్దె మీద గాలికి వేస్తుంది. మొన్న అలా వేసినప్పుడు పక్కింటి కొత్త కోడలు వచ్చి, కొంగు పట్టుకొని, "ఇది నిప్పుకోడి కదా అంకుల్?" అంది. మగ్గం మామ గుర్తొచ్చి నవ్వొచ్చింది. బట్టమేక పిట్ట అని చెప్పి, ఆ మొహం కూడా విప్పారుతుందేమోనని ఎదురుచూశాను. "అంటే?" అంది ఆ అమ్మాయి. అంటే ఏమిటో చూపించడానికి రొద్దం చేలల్లో ఇప్పుడు ఆ పిట్ట ఒక్కటీ మిగల్లేదు. నేనే లేచి, మోకాళ్ల నొప్పులతో, మామ చూపించిన ఆఫీసరు నడక మిద్దె మీద నాలుగడుగులు నడిచాను. ఆ అమ్మాయి భయపడి మా ఆవిడ వైపు చూసింది. నాకు దిగులేసింది, చెప్పకపోవడమెందుకు. అంతలో ఆ అమ్మాయి చూపు అంచు మీద పడింది. "అయ్యో, ఎన్ని బల్లులో!" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నిండు అంగట్లో ఉడుము పరువు కోసం ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి నేను. నోరు తెరిచాను, ఎందుకో మళ్లీ మూసుకున్నాను. తను చూడగానే గుర్తుపట్టింది అదొక్కటే గదా.

"అవునమ్మా, బల్లులే" అన్నాను.